వెచ్చని జలములు

చలికాలపు వేకువజామున బావినుండి చేదిన నీరు వెచ్చగా నుండుననియు, ఎండకాలపు మధ్యాహ్నమున ఆ నీరే చల్లగా నుండుననియు మన పల్లెలలో నెరుగనివారు లేరు. బావి యొక్కటే, నీరును ఒక్కటే. మారినది దాని చుట్టునున్న గాలి మాత్రమే. భూమిలోనికి కొన్ని గజముల లోతునకు దిగినయెడల అచట ఎండయు చలియు అంతగా సోకవు. కావున అచటి నీరు సంవత్సరము పొడుగునను ఇంచుమించుగా ఒకే వేడిమితో నుండును. మన ఓరుగంటి ప్రాంతమున అది సుమారు 27 డిగ్రీలు. మాఘమాసపు ఉదయమున 15 డిగ్రీల గాలిలో నిలిచిన బాలునికి ఆ నీరు వెచ్చన. వైశాఖమున 43 డిగ్రీల ఎండనుండి వచ్చిన బాటసారికి అదే నీరు చల్లన. మన చర్మము వేడిమిని కొలువదు, పోల్చును. కొలుచుటకు ధర్మామీటరు కావలెను.

ఈ వ్యాసమందు వాడబడు డిగ్రీలన్నియు సెంటిగ్రేడు డిగ్రీలే. ఒకే వేడిమి గల నీరు ఒక ప్రాణికి ఇల్లుగాను, మరియొక ప్రాణికి మృత్యువుగాను ఏల యగుచున్నదో, ఆ విషయము మన ఊరి చెరువులకు ఎట్లు సంబంధించినదో విద్యార్థులకు తెలియజేయుటయే మా యుద్దేశము.

1. భూగర్భపు వేడిమి

బావికంటె మిక్కిలి లోతునకు పోయినకొలది భూమి వేడెక్కుచుండును. సామాన్యముగా ఒక కిలోమీటరు దిగినచో 25 మొదలు 30 డిగ్రీల వేడిమి హెచ్చును. బొగ్గుబాయిలో పనిచేయు తండ్రులు గల విద్యార్థులు తమ యిండ్లలో అడిగినచో, లోపలికి దిగినకొలది ఉక్క యెట్లు హెచ్చునో వారే చెప్పగలరు. భూమి పుట్టినప్పటి వేడిమి కొంతయు, శిలలలోని యురేనియము, థోరియము మొదలగు ధాతువులు క్రమముగా విచ్ఛిన్నమగుటవలన కలుగు వేడిమి కొంతయు దీనికి కారణములు.

ఇక ఒక చిన్న లెక్క వేయుదము. వాననీరు పగుళ్లగుండ ఒక కిలోమీటరు లోతునకు ఇంకినదనుకొనుడు. నేలమీద 27 డిగ్రీలున్న నీరు అచట ఇంచుమించు 57 డిగ్రీలగును. రెండు కిలోమీటర్లు దిగినచో 87 డిగ్రీలగును. అట్టి నీరు మరియొక పగులుగుండ త్వరగా పైకి వచ్చినయెడల దారిలో చల్లారుటకు వ్యవధి లేక వేడిగానే వెలువడును. దీనినే ఉష్ణధార యనియు, వేడినీటి బుగ్గ యనియు అందురు. అగ్నిపర్వతమున్నచోటనే ఇట్టి బుగ్గలుండునని పలువురు తలంతురు గాని అది సరికాదు. లోతైన పగులు, దానిలోనికి దిగుటకు నీరు, తిరిగి పైకి వచ్చుటకు దారి — ఈ మూడును ఉన్న చాలును.

2. గోదావరి లోయలోని ఉష్ణధారలు

ఈ మూడును మనకు సమీపముననే కలవు. ఓరుగల్లునుండి ములుగు, ఏటూరునాగారము, మంగపేటల మీదుగా గోదావరి వెంబడి పోయినయెడల మణుగూరు వచ్చును. ఆ లోయ సామాన్యమైన నదీలోయ కాదు. 25 కోట్ల సంవత్సరములకు పూర్వమే అచట భూమి రెండు ప్రక్కల పగిలి నడుమభాగము క్రుంగినది. ఆ పల్లములో అడవులును ఇసుకయు బురదయు పొరలు పొరలుగా పూడిపోయి, ఆ అడవులే నేటి బొగ్గయినవి. 1871వ సంవత్సరమున భూగర్భ పరిశోధనశాఖకు చెందిన డాక్టరు విలియం కింగు దొరగారు ఇల్లెందు ప్రాంతమున కనుగొనిన బొగ్గు ఈ లోయలోనిదే. ఆ బొగ్గును దాచిన పగుళ్లే నేడు వేడినీటికి దారి యిచ్చుచున్నవి.

మణుగూరు సమీపమున పగిడేరు అను గ్రామము కలదు. అచట భూమిలోనికి వేసిన బోరుబావులనుండి వేడినీరు తనంతట తానే పైకి ఉబికి వచ్చును. యంత్రము లేదు, మోటారు లేదు. ఈ వేడినీటితో విద్యుచ్ఛక్తిని పుట్టించుటకు సింగరేణి సంస్థవారు పూనుకొని, 2023వ సంవత్సరమునాటికి 20 కిలోవాట్ల చిన్న యంత్రాగారమును నెలకొల్పిరి. ఆ నీరు మరుగునంత వేడిగా లేదు గదా, ఆవిరి యెట్లు పుట్టునని విద్యార్థి యడుగవచ్చును. అందులకు ఉపాయమేమనగా, నీటికంటె తక్కువ వేడిమికే మరుగు మరియొక ద్రవమును గొట్టములలో నుంచి, ఈ వేడినీటిచే దానిని మరిగింతురు. దాని ఆవిరి చక్రమును త్రిప్పి, చల్లారి, తిరిగి ద్రవమగును. 20 కిలోవాట్లనగా 10 వాట్ల దీపములు రెండువేలు వెలుగుటకు సరిపోవు శక్తి. ఇది ప్రయోగముగా చేసిన పనియే యైనను, బొగ్గు కాల్చకుండ బొగ్గుగనుల నేలనుండియే దీపము వెలిగించుట గమనింపదగిన విషయము.

భద్రాచలమునకు కొద్ది దూరమున గోదావరి యొడ్డున గుండాల యను చోటు కలదు. అచట ఇసుకను త్రవ్వినచో వేడినీరు ఊరును. యాత్రికులు దానిని ఉష్ణగుండమని పిలిచి స్నానము చేయుదురు. ఆదిలాబాదు జిల్లాకు ఆవల, పెన్‌గంగ సమీపమున మహారాష్ట్రములోని ఉనకేశ్వరమునందును ఇట్టి బుగ్గలు కలవు. హిమాలయములలో మణికర్ణమున నీరు ఎంత వేడిగా నుండుననగా, బియ్యమును మూటగట్టి అందులో ముంచి అన్నము వండుకొందురు. దారిలో తాకిన శిలలలోని గంధకము, సున్నము, ఉప్పులు వేడినీటిలో త్వరగా కరగును. కనుకనే ఇట్టి నీటికి ఒక్కొక్కచోట కుళ్లిన గ్రుడ్డు వాసనయు, ఒక్కొక్కచోట ఉప్పు రుచియు కలుగుచున్నవి.

3. పరిశుద్ధ గ్రంథమందలి వేడినీళ్లు

ఆదివారపు పాఠశాల విద్యార్థులు ఆదికాండము 36వ అధ్యాయమును తీసి చూడవలెను. అనా యనువాడు తన తండ్రి గాడిదలను మేపుచు అరణ్యములో ఉష్ణధారలను కనుగొనినట్లు అచట కలదు. పూర్వపు ఆంగ్ల అనువాదమున ఈ మాటకు కంచరగాడిదలని అర్థము చెప్పియుండిరి. మన తెలుగు బైబిలునందు ఉష్ణధారలనియే యున్నది. గలిలయ సముద్రపు టొడ్డున తిబెరియ పట్టణమునొద్ద నేటికిని వేడినీటి బుగ్గలు కలవు.

ప్రకటన గ్రంథమున లవొదికయ సంఘమునకు వ్రాయబడిన లేఖయందు నులివెచ్చని స్థితి నిందింపబడినది. ఆ దేశపు నీళ్లను ఎరిగినయెడల ఈ మాట మరింత స్పష్టమగును. లవొదికయకు ఎదురుగా లోయ ఆవలి ప్రక్కనున్న హియెరాపొలి ఉష్ణధారలకు ప్రసిద్ధి. రోగులు అచట స్నానము చేయుటకు వచ్చుచుండిరి. కొలొస్సయిలో చల్లని ఊటనీరు లభించుచుండెను. లవొదికయవారు గొట్టములద్వారా దూరమునుండి తెచ్చుకొనిన నీటిలో సున్నము మెండుగా నుండెను. ఆ గొట్టములు సున్నముతో పూడిన గురుతులు నేటికిని కనబడుచున్నవి. వేడినీరు స్వస్థపరచును, చల్లనినీరు సేదదీర్చును, ఏ పనికిని రానిది నడిమి నీరని అనేక విద్వాంసులు ఆ వాక్యమును వివరించుచున్నారు. అనగా వేడిమి మంచిది, చలి చెడ్డది యని కాదు. దేని పని దానికి కలదని భావము.

4. వేడినీటిలో బ్రదుకు జీవులు

మరుగుచున్న నీటిలో ఏ జీవియు బ్రదుకదని చిరకాలము తలంచుచుండిరి. అమెరికాలోని యెల్లోస్టోను ఉద్యానవనము 1872వ సంవత్సరమున స్థాపింపబడినది. అచటి వేడినీటి మడుగులలో 1966వ సంవత్సరమున థామస్ బ్రాకు అను శాస్త్రజ్ఞుడు, ఆయన శిష్యుడొకడును 70 డిగ్రీల వేడిలో సుఖముగా పెరుగు సూక్ష్మజీవి నొకదానిని సేకరించిరి. దానికి థర్మస్ అక్వాటికస్ అని పేరు పెట్టబడినది. ఆనాడు దానివలన ఎవనికి ఏమి లాభమని అడిగినవారికి చెప్పుటకు సమాధానము లేకుండెను.

1983వ సంవత్సరమున కారీ ముల్లిస్ అను రసాయనవేత్త జీవకణములలోని వంశబీజపదార్థమును లక్షలకొలది ప్రతులుగా పెంచు పద్ధతిని ఊహించెను. ఆ పద్ధతియందు ద్రవమును మాటిమాటికి 95 డిగ్రీలవరకు వేడిచేయవలెను. మొదట వాడిన కిణ్వము ఆ వేడికి ప్రతిసారియు చెడిపోవుచుండెను. అప్పుడు యెల్లోస్టోను మడుగులోని ఆ జీవి కిణ్వము అక్కరకు వచ్చినది. ఈ పద్ధతికై ముల్లిస్‌కు 1993లో నోబెల్ బహుమతి లభించెను. 2020వ సంవత్సరమున కరోనా వ్యాధి వచ్చినప్పుడు మన తల్లిదండ్రులలో ఎందరో ముక్కునుండి నమూనా నిప్పించి, ఆర్టీపీసీఆర్ ఫలితమునకై భయముతో ఎదురుచూచిరి గదా! ఆ పరీక్షకు మూలము ఒక వేడినీటి గుంటలో దొరికినది. చిన్నదానిని తృణీకరింపరాదనుటకు ఇంతకంటె దృష్టాంతమేమి కావలెను?

ఆ సూక్ష్మజీవికి 70 డిగ్రీలు ఇల్లు. అదే నీటిలో చేపను విడిచినచో క్షణములో చచ్చును. అంతదూరము పోనక్కరలేదు. కొన్ని చేపలకు 25 డిగ్రీలే అధికము. ఇది ఎందువలన?

5. నీటిలోని ప్రాణవాయువు

పొయ్యిమీద నీళ్లగిన్నె పెట్టి జాగ్రత్తగా చూడుడు. నీరు మరుగుటకు చాల ముందుగానే గిన్నె లోపలి ప్రక్కలకు చిన్నచిన్న బుడగలు పట్టును. అవి నీటియావిరి కాదు; నీటిలో కరగియున్న గాలి. నీరు వేడెక్కినకొలది గాలిని తనలో నిలుపుకొనలేక విడిచిపెట్టుచున్నది. చేపలు మొప్పలతో పీల్చుకొనునది ఆ కరగిన గాలిలోని ప్రాణవాయువునే.

గడ్డకట్టుటకు సిద్ధముగానున్న లీటరు నీటిలో ఇంచుమించు 14½ మిల్లీగ్రాముల ప్రాణవాయువు ఇముడును. 20 డిగ్రీల నీటిలో 9 మిల్లీగ్రాములు, 30 డిగ్రీల నీటిలో 7½ మిల్లీగ్రాములు మాత్రమే ఇముడును. అనగా దాదాపు సగము. ఇది యిట్లుండగా, చేప శరీరము మనదివలె తన వేడిమిని తాను కాపాడుకొనునది కాదు. నీరు వేడెక్కిన అదియు వేడెక్కును. పది డిగ్రీలు హెచ్చినచో దానికి కావలసిన ప్రాణవాయువు సుమారు రెండింతలగును. ఆదాయము తరిగి ఖర్చు పెరిగిన సంసారమువలె వేడినీటిలోని చేప అవస్థపడుచున్నది.

అయినను సృష్టికర్త ఒక్కొక్క ప్రాణికి ఒక్కొక్క హద్దు నేర్పరచెను. మన చెరువులలోని రవ్వ, బొచ్చె చేపలు 25 మొదలు 32 డిగ్రీల నీటిలో చక్కగా పెరుగును. తెలంగాణ రాష్ట్రపు చేపగా ఎన్నుకొనబడిన కొర్రమీను మరియు గట్టిది. అది నీటిపైకి తల యెత్తి బయటి గాలిని కూడ పీల్చుకొనగలదు. కనుకనే చెరువు ఎండి బురదమడుగు మిగిలినప్పుడు తక్కిన చేపలు చచ్చినను కొర్రమీను బ్రదికియుండును.

6. ఎదురీదు చేపలు

చల్లని దేశములలో సాల్మన్ అను చేప కలదు. అది నదిలో పుట్టి, సముద్రమునకు పోయి పెరిగి, గ్రుడ్లు పెట్టుటకు తాను పుట్టిన యేటికే తిరిగి వచ్చును. ఆ యేటి నీటి వాసనయే దానికి దారి చూపునని పరిశోధకులు కనుగొనిరి. పసిఫిక్ సముద్రపు సాల్మన్ నదిలో ప్రవేశించిన తరువాత ఆహారము ముట్టదు. ఒడలిలోని కొవ్వే దారిబత్తెము. నీరు 20 డిగ్రీలు దాటినచో ఆ బత్తెము త్వరగా కరగిపోవును, రోగములు సోకును, చేప ముందునకు పోలేక నిలిచిపోవును. 2015వ సంవత్సరమున అమెరికాలోని కొలంబియా నది వేసవి ప్రారంభముననే వేడెక్కుటచేత, సాకై అను జాతి సాల్మన్ చేపలు రెండున్నర లక్షలకు పైగా గమ్యము చేరక మునుపే చచ్చిపోయినవి. ఆ నీరు మన చేతికి చల్లగానే తోచియుండును!

సాల్మన్ మన దేశపు చేప కాదు గాని, దాని ప్రయాణమును పోలిన ప్రయాణము చేయు చేప మన గోదావరిలోను కలదు. అదియే పులస. సముద్రములో నున్నంతవరకు దానిని ఇలస యందురు. వానకాలమున ఎర్రనీరు రాగానే అది సముద్రమునుండి గోదావరిలోనికి ఎదురీది వచ్చును. పుస్తెలమ్మి యైనను పులస తినవలెనను సామెత దాని రుచినిబట్టి పుట్టినది. (సామెతను ఆచరణలో పెట్టుమని మేము చెప్పుటలేదు!) ఎండకాలమున సన్నగిల్లి వెచ్చబడిన నదిలోనికి అది రాదు, వరద కొరకు కాచుకొనియుండును.

సర్ ఆర్థర్ కాటన్ దొరగారు 1847లో ప్రారంభించి 1852లో ముగించిన ధవళేశ్వరపు ఆనకట్ట గోదావరి మండలమును కరవునుండి కాపాడెను. అన్నము పెట్టిన ఆ మహనీయుని నేటికిని రైతులు స్మరించుచున్నారు. అయినను ఆనకట్ట పులసకు అడ్డుగోడ యైనది. దానికి ఎగువన పులస అరుదు. ఒక మేలు మరియొకచోట నష్టముగా నుండవచ్చును. ఈ రెండింటిని కన్నులు తెరచి చూచుటయే విద్య.

7. మన చెరువుల సంగతి

గణపతిదేవ చక్రవర్తి పరిపాలనమున (1199–1262) నిర్మింపబడిన పాకాల, రామప్ప చెరువులు నేటికిని పొలములను తడుపుచున్నవి. చేపలతో అనేక కుటుంబములను పోషించుచున్నవి. ఆ కుటుంబముల బాలబాలికలు మన తరగతులలోను కూర్చుండుచున్నారు. ఎండకాలపు వేకువలో చేపలు నీటిపైకి వచ్చి నోళ్లు తెరచి ఒగర్చుట వారు చూచియుందురు. ఆ పిమ్మట ఒక్కొక్కప్పుడు చెరువునిండ చచ్చిన చేపలు తేలును. ఎవరో విషము కలిపిరని ఊరిలో అనుమానములు పుట్టి కలహములగును.

విషము కలియుట అసంభవమని మేము చెప్పము. గాని వేకువజామున జరిగిన చావునకు వేరొక కారణమును మొదట విచారింపవలెను. పగటివేళ నీటిలోని నాచు మొదలగు మొక్కలు సూర్యరశ్మిలో ప్రాణవాయువును విడుచును. రాత్రివేళ అవియు చేపలవలె దానిని పీల్చుకొనును. కావున తెల్లవారుజామున నీటిలో ప్రాణవాయువు మిక్కిలి తక్కువగా నుండును. అసలే వేడినీరు, దానికితోడు మురికికాలువ నీరు కలిసినచో, ఆ మురికిని కుళ్లజేయు సూక్ష్మజీవులు మిగిలిన ప్రాణవాయువును హరించును. లీటరునకు మూడు మిల్లీగ్రాములకంటె తగ్గినప్పుడు చేపలు ఒగర్చ నారంభించును. అప్పటికి హద్దు దాటుచున్నదన్నమాట.

ఇందు ఎండ మన చేతిలో లేదు. గాని తక్కినది మన చేతిలో నున్నది. పూడిక పేరుకొనిన చెరువు లోతు తగ్గి త్వరగా వేడెక్కును. లోతైన చెరువు అడుగున చల్లదనము నిలుచును. 2024వ సంవత్సరము చివర వరంగల్లులోని భద్రకాళి చెరువు నీటిని వెడలించి పూడికతీత ప్రారంభించుట ఇట్టి అవసరమును గుర్తించియే. గట్టునగల చెట్లు నీడ నిచ్చును. మురుగునీటిని శుద్ధిచేయక చెరువులోనికి వదలరాదు. గుర్రపుడెక్క నీటిని కప్పివేయకుండ తీసివేయవలెను.

యంత్రాగారముల వేడినీరును ఇట్టిదే. రామగుండము, చెల్పూరు, పాల్వంచలందు బొగ్గుతో విద్యుచ్ఛక్తిని పుట్టించునప్పుడు బొగ్గు వేడిమిలో ఇంచుమించు మూడవవంతు మాత్రమే విద్యుత్తగును. మిగిలినదానిలో పెద్దభాగము యంత్రమును చల్లార్చు నీటిలోనికి పోవును. అచట దూరమునుండి కనబడు బ్రహ్మాండమైన నడుము సన్నని గోపురములు ఆ నీటిని చల్లార్చుటకే కట్టబడినవి. వాటినుండి లేచు తెల్లని మబ్బు పొగ కాదు, నీటియావిరి. 1999వ సంవత్సరమునుండి క్రొత్తగా కట్టు యంత్రాగారములు నదులనుండి గాని చెరువులనుండి గాని నీరు తీసికొన్నయెడల ఇట్టి గోపురములను తప్పక కట్టవలెనని మన ప్రభుత్వము శాసించియున్నది. చేప యొక్క హద్దును చట్టము గుర్తించుట మెచ్చదగిన సంగతి.

విద్యార్థులు చేయదగిన పరిశీలనలు

(1) ధర్మామీటరును దారమునకు కట్టి, మీ బావినీటి వేడిమిని కార్తికమున ఒకసారి, వైశాఖమున ఒకసారి కొలిచి వ్రాయుడు. రెండింటికిని ఎంత భేదము కలదు?

(2) చెరువునీటి వేడిమిని ఒకే దినమున తెల్లవారుజామునను, మధ్యాహ్నము మూడుగంటలకును, నీడలోను, ఎండలోను కొలువుడు. పెద్దవారు తోడులేక చెరువులోనికి దిగరాదు. ఎండకాలపు వెచ్చని నిలువనీటిలో తల ముంచి ఈదుట అసలే తగదు. అట్టి నీటిలోని ఒక సూక్ష్మజీవి ముక్కుగుండ మెదడునకు చేరుటవలన 2024, 2025 సంవత్సరములలో కేరళమున కొందరు మరణించిరి.

(3) నీటిని మరిగించి, మూతబెట్టి, కదలింపక చల్లార్చినచో అందు చేపను విడువవచ్చునా? విడువరాదనినచో కారణమేమి? ఆ నీటిని రెండు పాత్రలమధ్య పలుమారు ఎత్తిపోసినచో ఏమగును?

(4) మీ ఊరి చెరువునకు మురుగునీరు ఎచటనుండి వచ్చుచున్నదో పటము గీయుడు. ఆ పటమును మీ తల్లిదండ్రులకును గ్రామపెద్దలకును చూపుడు.

ఈ నాలుగవ పరిశీలన పరీక్షలో రాదు గాని, నాలుగింటిలో అదియే ముఖ్యము. బుగ్గలోని వేడిమికి భూగర్భము కారణము. దానిని మనము మార్చలేము. చెరువులోనికి మనము విడుచు మురికి మాత్రము మన పనియే. దేవుడు ఆదియందు జలములలో జీవులను కలుగజేసి, తరువాత వాటిని మనుష్యుని చేతికి అప్పగించెనని చదువుచున్నాము. అప్పగింపబడిన సొత్తునకు లెక్క యడుగబడును. రాబోవు ఎండకాలమున మన చెరువులో చేపలు నోళ్లు తెరచి ఒగర్చినయెడల, అది ఎవరిమీదనో నింద మోపుటకు కాక, పార పట్టుకొని మురుగుకాలువను మళ్లించుటకు పిలుపని మన విద్యార్థులు గ్రహింతురుగాక.